చిత్రశాలకు కావలసింది హాలు కాదు, ఇల్లు

దువ్వాడ: విశాఖ స్టేషనులోకి వెళ్లి, ఇంజను మార్చుకుని వెనక్కి తిరిగే ఓపిక లేని రైళ్లు దువ్వాడలో కాసేపు ఆగి సాగిపోతాయి. విశాఖ ప్రాంతపు చిత్రకళ సంగతి కూడా ఇంచుమించు ఇదే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు లలితకళల విభాగంలో చదువు ముగించుకున్న యువతీయువకుల్లో చాలామంది తమ బొమ్మలు తగిలించుకోవడానికి గోడ వెతుక్కుంటూ హైదరాబాదుకో, బరోడాకో, బెంగుళూరుకో, ఢిల్లీకో రైలెక్కుతారు.

ఈ మాట వచ్చినప్పుడల్లా వినవచ్చే కోరిక ఒకటుంది. ప్రభుత్వం ఇక్కడ ఒక కళాభవనం కట్టించాలని. పక్కన ఉక్కు కర్మాగారం, ప్రత్యేక ఆర్థిక మండలి, ఇంజనీరింగు కళాశాలలు ఉన్న చోట అటువంటి కోరిక అన్యాయమైనదేమీ కాదు. కాని రాష్ట్రంలో ఇప్పటివరకు కట్టిన హాళ్లలో చాలావాటి గతి ఏమైంది? ప్రారంభోత్సవం నాడు చిత్రప్రదర్శన. ఆ తరువాత చేనేత చీరల అమ్మకం, ఊరగాయల మేళా, అప్పుడప్పుడు పెళ్లి విందు. గోడకు మేకు కొట్టరాదని ఒక బోర్డు. హాలు కడితే బొమ్మలు వాటంతట అవే వస్తాయనుకోవడం భ్రమ. బొమ్మలను ఎంచేవారు, గీసినవారిని పిలిచేవారు, ఒక్కటీ అమ్ముడుపోకపోయినా మరుసటి ఏడు మళ్లీ పిలిచేవారు ఉంటేనే అది చిత్రశాల అవుతుంది. మన దేశంలో కొత్త చిత్రకళను నిలబెట్టిన గ్యాలరీల్లో పేరున్నవి ఒక్కొక్క కుటుంబం నడిపినవే కావడం గమనార్హం.

విశాఖలో మొదలై...

విశాఖకు ఆ అదృష్టం అసలు పట్టలేదని చెప్పడానికి వీల్లేదు. ఈనాడు ఢిల్లీ కళారంగంలో పేరు వినవచ్చే థ్రెషోల్డ్ గ్యాలరీ 1990 దశకం చివర విశాఖపట్నంలోనే మొదలైంది. తరువాత ఢిల్లీకి తరలివెళ్లి అక్కడే స్థిరపడింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఏళ్ల తరబడి చిత్రకళ బోధించిన వి.రమేశ్ బొమ్మలను దేశం ముందు పెట్టినవాటిలో ఈ గ్యాలరీ ముఖ్యమైనది. రమేశ్‌వి పెద్ద పెద్ద కాన్వాసులు. రమణ మహర్షి, అక్క మహాదేవి వంటివారు వాటిలో కనిపిస్తారు. రంగుల పొరల మధ్య భక్తకవుల పంక్తులు అక్షరాలుగా తేలుతూ ఉంటాయి. ఇక్కడి సముద్రం పక్కన తయారైన ఈ బొమ్మలను ఇక్కడివారి కంటె ఢిల్లీవారే ఎక్కువగా చూశారంటే అతిశయోక్తి కాదు.

వెళ్లిపోయినవారిని తప్పుపట్టి లాభం లేదు. కొనేవారు, రాసేవారు, చూసి తగవులాడేవారు ఎక్కడుంటే గ్యాలరీ అక్కడికే వెళుతుంది. అడగవలసిన ప్రశ్న వేరు. వెళ్లకుండా నిలిచిన గ్యాలరీలు దేనివల్ల నిలిచాయి?

ఫ్రేముల దుకాణం నుంచి

ఇందుకు బొంబాయి గాంధీ కుటుంబం కథ తెలుసుకోదగినది. వీరు మహాత్ముని బంధువులు కారు, పార్శీలు. కేకూ గాంధీ 1941లో పటాలకు ఫ్రేములు కట్టే పట్టీల తయారీ ప్రారంభించారు. కెమికల్ మౌల్డింగ్ అన్న కంపెనీ పేరు వాడుకలో కెమోల్డ్ అయింది. అప్పటికి బొంబాయిలో కుర్ర చిత్రకారుల బొమ్మలు వేలాడదీసే చోటు లేదు. హుస్సేన్, రజా, ఆరా, హెబ్బార్ వంటివారు అప్పుడప్పుడే తలెత్తుతున్న రోజులు. ఫ్రేముల దుకాణం అద్దాల వెనుక ఖాళీ ఫ్రేము పెట్టే కంటె అందులో ఒక బొమ్మ పెట్టడం నయం కదా. గాంధీ అదే చేశారు. ఫ్రేము కొనడానికి వచ్చినవాడు బొమ్మ చూశాడు. బొమ్మ చూడడానికి వచ్చినవాడు ఫ్రేము కట్టించుకున్నాడు.

1963లో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ మొదటి అంతస్తులో ఒక చిన్న గది తీసుకుని గ్యాలరీ కెమోల్డ్ తెరిచారు. దాన్ని నడిపించడంలో ఆయన భార్య ఖుర్షీద్ పాత్ర పెద్దది. 1988లో కుమార్తె షిరీన్ బాధ్యత తీసుకున్నారు. 2007లో గ్యాలరీ ఫోర్ట్ ప్రాంతంలోని ప్రెస్కాట్ రోడ్డులో విశాలమైన చోటికి మారింది. కేకూ గాంధీ 2012లో, ఖుర్షీద్ 2013లో కన్నుమూశారు. గ్యాలరీ ఆగలేదు. తరం మారి చేతులు మారినా కెమోల్డ్ అన్న పేరు పోలేదు, తీరు మాత్రం కాలాన్ని బట్టి మారింది. తల్లిదండ్రుల కాలంలో కాన్వాసు మీది బొమ్మలదే పెద్దపీట. కూతురి కాలంలో వీడియోలు, గదినంతా నింపే నిర్మాణాలు కూడా వచ్చాయి.

ఈ కుటుంబం ఎంపికలు ఒకటి రెండు చెప్పుకోవాలి. బరోడాలో ఒక కంపెనీ లెక్కలు చూసుకుంటూ బొమ్మలు వేసుకునే భూపేన్ ఖక్కర్ అనే అకౌంటెంటు ఉండేవారు. ఆయన వేసినవి మంగలి షాపు, గడియారాలు బాగుచేసే కొట్టు, గుమాస్తాలు. అప్పటికి బొమ్మలంటే దేవతలో, ప్రకృతి దృశ్యాలో, అర్థం కాని రంగుల మరకలో అనుకునేవారు వాటిని చూసి నవ్వారు. కెమోల్డ్ ఆయనను వదలలేదు. 1975లో ఈ గ్యాలరీయే జివ్యా సోమా మాశే అనే వార్లీ గిరిజన చిత్రకారుని బొమ్మలు ప్రదర్శించింది. పేడతో అలికిన గోడల మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలను హస్తకళల దుకాణంలో పెట్టకుండా, నగరంలోని నవీన చిత్రకారుల సరసన ఒక చిత్రకారుని పేరుతో గోడకెక్కించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఇటువంటి నిర్ణయం కమిటీ చేయలేదు. కమిటీలో ఏడుగురుంటే ఏడుగురికీ అభ్యంతరం లేని బొమ్మే నెగ్గుతుంది. అభ్యంతరం లేని బొమ్మ గోడకు సున్నంతో సమానం.

ఢిల్లీ కన్నాట్ ప్లేసులో ధూమీమల్ వారి గ్యాలరీ కూడా కాగితాలు, కలాలు అమ్మే కొట్టు నుంచి 1936లో పుట్టుకొచ్చిందే. ఇంకా వెనక్కి వెళితే పారిస్‌లో పాల్ దురాన్-రుయెల్. ఆయన తండ్రిది కూడా కాగితాలు, చిత్రకారుల సామగ్రి అమ్మే కొట్టే. ఎవరూ కొనని మోనే, పిసారో బొమ్మలు కొని కొని అప్పుల పాలయ్యాడు. 1886లో వాటిని న్యూయార్కు పట్టుకెళ్లి చూపించిన తరువాత గాని ఒడ్డున పడలేదు. కాబట్టి చిత్రశాలకు పునాది పాలరాతి మెట్లే కానక్కరలేదు. పక్కన అన్నం పెట్టే వ్యాపారం ఒకటి ఉండటం ముఖ్యం.

తెలుగునాట అనుభవం

తెలుగువారికి ఈ సంగతి కొత్త కాదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు కథ అందరికీ ఎంతో కొంత తెలిసిందే. 1897లో పుట్టిన ఆయనలోని కళను ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి బొంబాయి జె.జె. కళాశాలకు పంపారు. తిరిగి వచ్చి 1920 దశకం మొదట్లో రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టారు. 1925 ఫిబ్రవరి 6న మశూచితో కన్నుమూసేనాటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ కుంచె పట్టినవారే. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ పాఠశాలను భుజాన వేసుకుని నడిపారు. ఒక ఇల్లు, ఒక స్నేహితుల గుంపు కలిసి ఆ యువకుని చిత్రాలు చెదిరిపోకుండా కాపాడబట్టే ఈనాడు గోదావరి ఒడ్డున ఆయన పేరిట చిత్రశాల ఉంది. అది తరువాత ప్రభుత్వం చేతికి వచ్చింది. రావడం మంచిదే, లేకపోతే ఆ బొమ్మలు ఎవరి అటకల మీద ఉండేవో. అయితే ప్రభుత్వం చేతికి వచ్చినది స్మారకం. ఉన్నవాటిని జాగ్రత్త చేయడం స్మారకం పని. రామారావు ఇరవై అయిదో ఏట చేసిన పని, అంటే అప్పటిదాకా ఎవరూ చూడని బొమ్మను ఊరివారి ముందు పెట్టడం, స్మారకం నుంచి ఆశించలేము.

హైదరాబాదు నారాయణగూడలో పి.టి.రెడ్డి ఇల్లు మరో ఉదాహరణ. కరీంనగర్ జిల్లాలో 1915లో పుట్టిన పాకాల తిరుమలరెడ్డి బొంబాయిలో చదివి, నవీన చిత్రకారుల్లో మొదటి వరసలో నిలిచి, బతుకుతెరువుకు ఫర్నిచరు వ్యాపారం కూడా చేశారు. ఆయన భార్య యశోదారెడ్డి తెలంగాణ పలుకుబడిని కథల్లోకి తెచ్చిన రచయిత్రిగా తెలుగు పాఠకులకు సుపరిచితురాలు. ఆ ఇంటికి సుధర్మ అని పేరు. ఇల్లే బొమ్మల కొలువు. 1996లో రెడ్డి, 2007లో యశోదారెడ్డి పోయిన తరువాత కూడా ఆ బొమ్మల బాధ్యత కుమార్తె చూసుకున్నారు. ఒక్క చిత్రకారుని పని మాత్రమే ఉన్న ఇల్లు గనుక దీన్ని పూర్తి అర్థంలో గ్యాలరీ అనలేకపోవచ్చు. చిత్రాలను బతికించేది బంధుత్వమేనని మాత్రం ఇది కూడా చెబుతున్నది.

నేటి చిత్రకళను ఎంచి, చూపి, అమ్మే కుటుంబ గ్యాలరీ తెలుగునాట ఏదని అడిగితే బంజారాహిల్స్‌లోని కళాకృతి పేరు చెప్పాలి. ప్రశాంత్ లహోటీ, రేఖా లహోటీ దంపతులు 2002లో దీన్ని ప్రారంభించారు. తండ్రి కృష్ణచంద్ర లహోటీ జ్ఞాపకార్థం కృష్ణాకృతి అనే సంస్థ పెట్టి, ఏటా కళోత్సవం జరపడం, చిత్రకళ విద్యార్థులకు ఉపకారవేతనాలు ఇవ్వడం కూడా చేపట్టారు. వైకుంఠం, లక్ష్మాగౌడ్ వంటి పేరు మోసినవారి సరసన కొత్తవారికీ చోటిచ్చారు. గ్యాలరీకి లాభం తెచ్చే పెద్దల బొమ్మలు ఒక చేత్తో అమ్ముతూ, ఇంకా బేరం పలకని కుర్రవారిని రెండో చేత్తో పైకి తేవడం. ఇదే నడిచే గ్యాలరీ ఆర్థిక సూత్రం.

వీరి తీరులో విశేషం ఇంకొకటుంది. ప్రశాంత్ లహోటీకి పాత పటాలంటే మక్కువ. జైనుల విశ్వపటాలు, తీర్థయాత్రల పటాలు, ఐరోపావారు గీసిన భారతదేశపు మ్యాపులు ఏళ్ల తరబడి సేకరించారు. 2015లో ఢిల్లీ జాతీయ మ్యూజియంలో వాటితో ఒక ప్రదర్శన జరిగింది. నేటి బొమ్మలమ్మే గ్యాలరీకి పాత మ్యాపులతో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. ఇంటి యజమాని పిచ్చి ఏదో అదే ఆ ఇంటి ప్రత్యేకత అవుతుంది. ప్రభుత్వ శాఖకు ఇటువంటి పిచ్చి ఉండదు, ఉంటే ఆడిట్ అభ్యంతరం వస్తుంది.

అభ్యంతరాలు

ఇదంతా డబ్బున్నవారి ముచ్చట అనే మాట ఉంది. అందులో నిజం లేకపోలేదు. 2000 దశకం మధ్యలో బొమ్మల ధరలు రాకెట్టులా లేచినప్పుడు, స్థలాల వ్యాపారం చేసినట్లే కాన్వాసుల వ్యాపారం చేసినవారు దేశమంతటా పుట్టుకొచ్చారు. 2008లో ధరలు కూలగానే చాలా గ్యాలరీలకు తాళాలు పడ్డాయి. బొమ్మను పెట్టుబడిగా కొన్నవాడు ధర తగ్గగానే అమ్మజూస్తాడు, కొనేవాడు ఉండడు. తమకంటూ ఒక అభిరుచి, తాము నిలబెట్టవలసిన నలుగురు చిత్రకారులు ఉన్న ఇళ్లు ఆ దెబ్బను తట్టుకున్నాయి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. కుటుంబం చేతిలో ఉంటే కుటుంబం ఇష్టమే చెల్లుతుంది గదా, మేనల్లుడి బొమ్మలూ తోడల్లుడి బొమ్మలూ గోడకెక్కవా అని. ఎక్కుతాయి. ఎక్కిన గ్యాలరీని రెండో ఏడు ఎవరూ పట్టించుకోరు. హాలుకు ఈ శిక్ష లేదు. ప్రభుత్వ హాలులో ఎవరి బొమ్మలు పెట్టినా మరుసటి వారం మరొకరు అద్దె కట్టి తీసుకుంటారు, చెడ్డపేరు ఎవరికీ రాదు.

మూడోది వారసత్వం. పిల్లలు అమెరికా వెళతారు, తలుపులు మూతపడతాయి. విశాఖ వంటి ఊళ్లో ఇది ఊహ కాదు. ఏ వీధిలో చూసినా పిల్లలు విదేశాల్లో, పెద్దవారు మేడ మీద ఒంటరిగా. దీనికి సులువైన జవాబు లేదు. రాజమండ్రిలో రక్తసంబంధంతో పాటు శిష్యులు, స్నేహితులు కూడా ఇంటివారైనందువల్లనే బొమ్మలు మిగిలాయి. కుటుంబ గ్యాలరీ అన్నప్పుడు కుటుంబం అనే మాటను కొంత విశాలంగా తీసుకోక తప్పదు.

దువ్వాడ గోడల మీద

ఇక దువ్వాడ విషయం. దువ్వాడ, కూర్మన్నపాలెం, గాజువాక, ఉక్కునగరం కలిపి చూస్తే నెల జీతాలతో స్థిరపడిన వేలాది కుటుంబాలున్నాయి. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని ఊరూవాడా కదిలింది. 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఆ ఉద్యమంలో ప్రాణాలు పోయినవారు, కర్మాగారం కోసం ఊళ్లు, పొలాలు వదులుకున్నవారు, కొలిమి దగ్గర ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైనవారు, ఇప్పుడు ప్రైవేటీకరణ మాటతో నిద్రపట్టనివారు. ఒక చిత్రకారునికి ఇంతకంటె సామగ్రి ఏం కావాలి? అయినా ఇక్కడి ఇళ్ల గోడల మీద కనిపించేది గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన ఏడు గుర్రాల పటం, స్విట్జర్లాండు జలపాతం. ఎవరికీ అభిరుచి లేక కాదు. చూడటానికి మరొకటి దొరక్క.

ఇక్కడ గ్యాలరీ పెట్టే కుటుంబానికి బంజారాహిల్స్ ధరల బొమ్మలు పనికిరావు. మొదట అచ్చుబొమ్మలు పెట్టాలి. అచ్చుబొమ్మ అంటే క్యాలెండరు కాదు. చిత్రకారుడు స్వయంగా రాగిరేకు మీదనో, చెక్క మీదనో, లినోలియం మీదనో చెక్కి, సిరా పూసి, ఒక్కొక్కటిగా తీసే ప్రతి. ఇరవై అయిదు తీస్తే ఒక్కొక్క దాని మూలన 1/25, 2/25 అని పెన్సిలుతో వేసి సంతకం చేస్తాడు. ఆ తరువాత రేకును కొట్టేస్తారు. ప్రతులు ఇరవై అయిదు గనుక కాన్వాసు ధరలో చిన్న భాగానికే దొరుకుతుంది. లక్ష్మాగౌడ్ దేశమంతా తెలిసిందీ ఎక్కువగా ఈ ఎచింగుల ద్వారానే. రాగిరేకును ఆమ్లంలో ముంచి గీతను తినిపించడం, చుట్టల కింద నొక్కి ప్రతి తీయడం చూస్తే రోలింగ్ మిల్లులో పనిచేసేవారికి కొత్తగా ఏమీ అనిపించదు. తమ పనికి దూరపు చుట్టం అనిపిస్తుంది.

లెక్కలూ చూసుకోవాలి. బొమ్మ అమ్ముడైతే ధరలో మూడో వంతు నుంచి సగం వరకు గ్యాలరీ ఉంచుకోవడం అన్ని చోట్లా ఉన్నదే. అమ్ముడుపోకపోతే దీపాల ఖర్చు, ఆహ్వాన పత్రికల ఖర్చు ఇంటిదే. కాబట్టి కేకూ గాంధీ దారే ఇక్కడా క్షేమం. ముందు ఫ్రేముల కొట్టు. ఈ ఊళ్లో మంచి ఫ్రేము కట్టేవారి అవసరం మామూలు ఊళ్ల కంటె ఎక్కువ. సముద్రపు తేమ కాగితానికి శత్రువు. అద్దానికి కాగితం అంటుకునేటట్లు బిగిస్తే రెండు వర్షాకాలాలు తిరిగేసరికి బూజు, గోధుమరంగు మచ్చలు. మధ్యలో అట్ట పెట్టి జాగా వదలాలి, వెనుక గాలి ఆడాలి, పడమటి ఎండ తగలకూడదు. ఈ పని తెలిసినవాడికి దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు, రిటైర్మెంటు సన్మానపత్రాలు కట్టించుకునేవారితోనే ఇల్లు గడుస్తుంది. ముందు గదిలో ఒక గోడ బొమ్మలకు వదిలితే చాలు. మూడు వారాలకొకసారి గోడ మార్చాలి. ఏడాదికి పదిహేనుమంది చిత్రకారులైనా కనబడతారు.

ఆ గోడ ఎవరికన్నదే అసలు నిర్ణయం. విశ్వకళాపరిషత్తులో చివరి ఏడు చదువుతున్నవారికి ముందు ఇవ్వాలి. కర్మాగారంలోనే పనిచేస్తూ ఇంట్లో బొమ్మలు వేసుకునేవారు ఎక్కడైనా ఉంటారు. అకౌంటెంటు ఖక్కర్ బరోడాలో దొరికినప్పుడు గాజువాకలో ఒక ఫిట్టరో, నర్సో ఎందుకు దొరకకూడదు? ఎవరు దొరికినా బొమ్మ చూసి నిర్ణయించాలి, పదవి చూసి కాదు. పెద్ద అధికారి గీసిన వినాయకుడిని వద్దనగలిగిన రోజున ఆ ఇంటికి గ్యాలరీ అన్న పేరు చెల్లుతుంది. అమ్ముడుపోయిన బొమ్మ పక్కన ఎర్రచుక్క అంటించడం ఆనవాయితీ. మొదటి సంవత్సరం ఎర్రచుక్కలు కొనవలసిన పని పడకపోవచ్చు. అందుకు సిద్ధపడి తెరవాలి.

నగరపాలక సంస్థ చేయగలిగిన సాయం కూడా లేకపోలేదు. ఇటువంటి గదిని వాణిజ్య సంస్థల లెక్కలో వేసి పన్ను గుంజకపోవడం ఒకటి. తన కార్యాలయాలకు, ఆసుపత్రులకు, పాఠశాలలకు కావలసిన పటాలను టోకున కొనక ఇక్కడివారి దగ్గర కొనడం రెండు. హాలు కట్టే ఖర్చులో పదో వంతు కూడా అవసరం ఉండదు.

వేళల మాట ఒకటి మిగిలింది. మామూలు గ్యాలరీలు ఉదయం పదకొండుకు తెరిచి సాయంత్రం ఏడుకు మూస్తాయి, ఆదివారం సెలవు. ఇక్కడ అది కుదరదు. ఎ షిఫ్టు వారు మధ్యాహ్నం రెండుకు బయటపడతారు, బి షిఫ్టు వారు రాత్రి పదికి. జనరల్ షిఫ్టు వారికి ఆదివారం ఒక్కటే తీరిక. ఆదివారం తెరవాలి. వారంలో రెండు రాత్రులైనా పదకొండు దాకా ముందు గదిలో దీపం వెలగాలి. అంతవరకు మేలుకుని కూర్చునే ఓపిక ఉన్నది ఇంట్లో ఎవరికో ముందు తేల్చుకుని, ఆ తరువాత బోర్డు రాయించుకోవడం మంచిది.